బెల్లం మార్కెట్లో షేర్ల మాస్టారి లైవ్

రేడియోలో నా సర్వీసంతా కలిపి ఒక్క రోజు ఎంచుకోమంటే నేను తడుముకోను. అనకాపల్లి బెల్లం మార్కెట్ నుంచి మా షేర్ల మాస్టారితో లైవ్ చేసిన రోజు! తలుచుకుంటే ఇప్పటికీ కుర్చీలో కుదురుగా కూర్చోలేను. నేను మొదలెట్టగానే మా ఆవిడ "మళ్ళీనా" అంటూ వంటింట్లోకి వెళ్ళిపోతుంది. పిల్లలూ, మీలో ఎవరైనా రేపు మైకు ముందు కూర్చోబోతున్నా, ఫోన్లో ఛానెల్ పెట్టి జనానికి సలహాలు ఇవ్వబోతున్నా ఇది మీకోసమే రాస్తున్నాను. మా ఆవిడలా లేచి వెళ్ళిపోకండి.

మాది చిన్న ప్రైవేటు ఎఫ్ఎం స్టేషన్. మెయిన్ రోడ్డు మీద ఒక మేడపైన రెండు గదులు, ఒక టవరు, ఎప్పుడు ఆగిపోతుందో తెలియని ఒక జనరేటరు. నేను దానికి ఇంజనీరుని. పేరుకే ఇంజనీరు, డీజిల్ పోయడం నుంచి మైకు తుడవడం దాకా అన్నీ నేనే. అయినా మా స్టేషన్ మోగని చోటు లేదు. కశింకోట షేరాటోల్లో మేమే, పరవాడ వెళ్ళే కంపెనీ బస్సుల్లో మేమే, బెల్లం వండే గానుగ పాకల్లో కూడా మేమే. ఆ గర్వం నాకు ఉండేది, ఎందుకు దాచుకోవాలి?

పొద్దున్న భక్తి పాటల తరువాత ఒక అరగంట షేర్ల మాస్టారిది. మంచి గొంతు, ఇస్త్రీ మడత నలగని చొక్కా, ఆయన లోపలికి రాకముందే వచ్చే సెంటు వాసన. ఏ కంపెనీ షేరు కొనాలి, ఏది అమ్మాలి అని చెప్పేవాడు. చెప్పేవాడంటే, సగం చెప్పేవాడు. "ఒక కంపెనీ ఉందండీ. ఇవాళ దాన్ని పట్టించుకునే నాథుడు లేడు. రేపు దాని వెనకాల క్యూ కడతారు. పేరు చెప్పాలని నాకూ ఉంది..." అని అక్కడ ఆగేవాడు. అలా ఆగడంలో మాత్రం మొనగాడండీ, కాదనను. మిగతా సగం ఆయన నడిపే 'వారం లేఖ'లో ఉంటుంది. చందా కట్టినవాళ్ళకి వాట్సాప్‌లో వస్తుంది. చందా కట్టి ఆ లేఖ తెరిస్తే అసలు సిసలైన కంపెనీ పేరు 'బంగారు లేఖ'లో ఉందని ఉంటుంది. దానికి వేరే చందా.

వినేవాళ్ళకి తెలియని సంగతి ఒకటుంది. ఆ అరగంట ఆయన మా దగ్గర డబ్బిచ్చి కొనుక్కున్నది. జనమేమో, ఈయన గొప్పవాడు కాబట్టే రేడియోవాళ్ళు పిలిచి కూర్చోబెట్టారు అనుకునేవారు. ప్రోగ్రాం చివర్లో "పెట్టుబడులకు నష్టభయం ఉంది, లాభనష్టాలకు మేము బాధ్యులం కాము" అన్న ముక్క రావాలి కదా, దాన్ని ముందే రికార్డు చేసి కంప్యూటర్లో వేగం పెంచి నేనే వేసేవాణ్ణి. తెలుగే. కానీ తెలుగువాడెవడికీ అర్థం కాదు. అంత వేగం.

ఇక మా అనౌన్సరమ్మాయి. కశింకోట దగ్గర చెరకు రైతు కూతురు. నవ్వితే ట్రాన్స్‌మిటర్ దానంతటదే నాలుగు ఊళ్ళు ఎక్కువ పట్టేది, అంత చలాకీ గొంతు. నన్ను మావయ్యా అని పిలిచేది. మాస్టారి ప్రోగ్రాంలో ఆమె పని ఏమిటంటే, ఆయన ఆగిన చోట "అయ్యో మాస్టారూ, పేరు చెప్పకుండా ఊరిస్తే ఎలాగండీ!" అని అడగడం. ఆయన రాసిచ్చిన మాటే. ఆమె నోట్లో అది నిజంగా అడిగినట్టే ఉండేది. అదే కొంప ముంచింది.

ఒక రోజు ప్రోగ్రాం అయిపోయాక చూస్తే హెడ్‌ఫోన్లు తీయకుండా అలాగే కూర్చుని ఏడుస్తోంది.

"ఏటమ్మా అయింది?" అన్నాను.

"మా నాన్న పొలం అమ్మేత్తన్నాడు మావయ్యా. ఉన్నదంతా ఆ చెక్కే. గానుగ పాక కూడా అందులోనే ఉంది. ఆ డబ్బుతో బంగారు లేఖ కట్టి, మిగిలింది మాస్టారు ఏ షేరు చెప్తే ఆ షేరులో పెడతాడట."

"నువ్వు వద్దని చెప్పలేదా?"

"సెప్పేను. 'అదంతా రాసిచ్చింది సదవడమే నాన్నా, నాకేం తెలీదు' అన్నాను. ఏమన్నాడో తెలుసా? 'రేడియోలో సెప్పింది అబద్దమా, ఇంట్లో సెప్పింది అబద్దమా? రెండిట్లో ఏదో ఒకటి సెప్పమ్మా' అన్నాడు."

ఆ ముసలాయన తిట్టలేదు, అరవలేదు. కూతురి గొంతు నమ్మాడు, అంతే. ఊరంతా వింటుండగా కూతురు ఒకటి చెప్తే, వంటింట్లో రెండోది చెప్తే, ఏ తండ్రైనా మొదటిదే నమ్ముతాడు కదా!

ఆమె ఊరుకోలేదు. మేనేజరు దగ్గరికి వెళ్ళింది. ఆయన మంచివాడే గానీ, "ఆ స్లాటు డబ్బుతోనే అమ్మా మన జీతాలు" అని చేతులు ఎత్తేశాడు. మాస్టారి దగ్గరికే వెళ్ళింది. "మా నాన్నకి మీరే వద్దని ఒక్క మాట చెప్పండి మాస్టారూ" అని బతిమాలింది. ఆయన చిరునవ్వు నవ్వి, "భయపడేవాళ్ళు ఎప్పటికీ ఎదగరమ్మా" అన్నాడు. ఆ నవ్వు చూసి నాకు ఒళ్ళు మండిపోయింది. చేతిలో స్క్రూడ్రైవరు ఉంది, పెట్టేసి బయటికి వచ్చేశాను.

ఇంతలో మాస్టారికి ఒక ఆలోచన వచ్చింది. బెల్లం మార్కెట్లో వ్యాపారులు, రైతులు, కమీషన్ ఏజెంట్లు, ఇంతమంది ఒకే చోట ఉంటే లేఖకి చందాదారులు కుప్పలుగా దొరుకుతారు కదా, అక్కడి నుంచే ఒక లైవ్ పెడదాం అన్నాడు. మేనేజరు ఎగిరి గంతేశాడు. రోజు ఖాయమైంది. మా అనౌన్సరమ్మాయి తండ్రి కూడా అదే రోజు ఖాయం చేసుకున్నాడు. లైవ్ చూసి, మార్కెట్ గేటు బయట హోటల్లో కొనేవాడి దగ్గర పొలానికి బయానా పుచ్చుకోవడానికి. బయానా చేతిలో పడితే మాట ఇచ్చేసినట్టే. వెనక్కి తీసుకునే మనిషి కాదు ఆయన.

ముందు రోజు నేను వైర్లు లాగడానికి యార్డుకి వెళ్ళాను. వేలం జరుగుతోంది. ఒక పెద్ద కమీషన్ వ్యాపారి, తెల్ల పంచె, భుజాన తువ్వాలు, ఒక రైతు తెచ్చిన బెల్లం దిమ్మల వరస ముందు నిలబడి, అందులోంచి ఒక ముక్క విరిచి, అందరికీ చూపించి, నోట్లో వేసుకుని నమిలి మింగాడు. ఆ తరువాతే నోరు విప్పి ధర పలికించడం మొదలెట్టాడు. వేలం అయ్యాక దగ్గరికెళ్ళి అడిగాను, "రుచి చూశారా మావా?" అని.

"రుసేటి! నా నోరు ఎప్పుడో సచ్చిపోయింది బాబూ, సుగరు మాత్రలు మింగుతున్నాను," అని నవ్వాడు. "అది మా యార్డు పద్ధతి. ఏ సరుకుని మెచ్చుకోవాలన్నా ముందు అందులోంచి ముక్క తినాలి. తిన్నాక పలకాలి. పైన ఎర్రగా నిగనిగలాడి లోపల మసి తేలిందనుకో, ముక్క తిన్నవాడే కొన్న ధరకి తిరిగి తీసుకోవాలి. కాయితం లేదు, సంతకం లేదు. ముక్కే."

"తినకుండా పలికితే?"

"ఇనేవాడు ఎవడుంటాడు?" అన్నాడు. తరువాత కాస్త గొంతు తగ్గించి, "రేపు మీ మాస్టారు కూడా మా యార్డులోనే కదా పలుకుతాడు. మా కుర్రోడు కూడా ఆయన లేఖకి చందా కట్టేడు లెండి," అని కన్ను గీటాడు.

రేపు ఆ ముక్క ఎవరి నోట్లోకి వెళ్తుందో నాకు అర్థమైంది. మాస్టారికి చెప్పాలా వద్దా? ఆయన నన్ను అడిగితే చెప్పేవాణ్ణే. ఆయన నన్ను ఏనాడూ ఏదీ అడగలేదు. నేను వైరు చుట్టలు చుట్టుకుని ఈల వేసుకుంటూ ఇంటికి వచ్చేశాను.

మర్నాడు యార్డు చూడాలి! షెడ్ల నిండా దిమ్మల వరసలు, వరసల మీద జనం, జనం మీద కందిరీగలు. కలాసీలు బస్తాలు దించేసి వచ్చి ముందు వరసలో కూర్చున్నారు. కాటా పక్కన బల్ల మీద మైకులు నడిపే నా కన్సోలు. చెవుల్లో హెడ్‌ఫోన్లు, అందులో స్టేషన్ నుంచి మేనేజరు గొంతు. మాస్టారు మెరిసే చొక్కాలో వచ్చాడు. ఆయన సెంటుకి బెల్లం మీద ఉన్న కందిరీగలన్నీ లేచి ఆయన వైపు రావడం మొదలెట్టాయి. ఆయన చెయ్యి ఊపుతున్నాడు, జనం తమకే ఊపుతున్నాడనుకుని తిరిగి ఊపుతున్నారు. నవ్వాపుకోలేక చచ్చాను.

మా అమ్మాయి మాత్రం నవ్వలేదు. స్తంభం పక్కన నిలబడ్డ వాళ్ళ నాన్ననే చూస్తోంది. ఆయన ఉతికిన చొక్కా వేసుకున్నాడు. బయానాకి వచ్చినవాడు కదా.

నేను మైకు శబ్దం పెంచే ఫేడరు మీట పైకి తోశాను. ఎర్ర దీపం వెలిగింది. మాస్టారు అందుకున్నాడు. వ్యాపారుల్ని పొగిడాడు, రైతుల్ని పొగిడాడు, ఊరిని పొగిడాడు, అక్కడి నుంచి జారుకుంటూ లేఖ దగ్గరికి వచ్చాడు. సరిగ్గా అప్పుడు మా పెద్ద వ్యాపారి లేచి, ఒక దిమ్మ విరిచి, ముక్క మాస్టారి చేతిలో పెట్టాడు.

"ముందు నోరు తీపి సేసుకోండి బాబూ. తరువాత మీ సరుకు గురించి పలకండి."

యార్డంతా ఇటే తిరిగింది. కలాసీలు కూడా బీడీలు ఆర్పేశారు. మాస్టారు మర్యాద అనుకున్నాడు, పాపం. ముక్క నోట్లో వేసుకుని, కళ్ళు మూసుకుని, "ఆహా!" అన్నాడు మైకులో. "అచ్చం ఈ బెల్లంలాంటిదేనండీ నా బంగారు లేఖ!"

అంతే! ఈలలు, చప్పట్లు, కేకలు! నా మీటరు ముల్లు ఎర్ర గీత దాటిపోయింది. పెద్దాయన రెండు చేతులూ ఎత్తి అందరినీ ఆపాడు.

"ఇన్నారు కదా! మాస్టారు ముక్క తిని మరీ పలికేరు. ఇక భయమేటి? ఆయన లేఖలో సెప్పిన షేరు దిగిపోతే, మనం కొన్న ధరకి ఆయనే తిరిగి తీసుకుంటారు. అంతే కదండీ మాస్టారూ?"

మాస్టారి దవడ ఆగిపోయింది. ముక్క ఇంకా నోట్లోనే ఉంది. "అదెలా అవుతుందండీ... నేను... పెట్టుబడులకు నష్టభయం ఉంది, లాభనష్టాలకు..." అని గబగబా అందుకున్నాడు.

"నిదానంగా సెప్పండి బాబూ, అర్థం కాలేదు," అని ఎవరో అరిచారు.

అబ్బ, ఆ క్షణం! స్టేషన్లో అయితే నా కంప్యూటరు ఉంది. ఇక్కడ ఆయన నోరొక్కటే ఉంది, అందులో సగం బెల్లం. ఒక్కొక్క మాటా విడివిడిగా చెప్పాల్సి వచ్చింది. "నష్టం... వస్తే... నేను... బాధ్యుణ్ణి... కాను." ఇన్నేళ్ళుగా రోజూ విన్న ముక్కని ఊరు ఆ రోజే మొదటిసారి విన్నది.

"పోనీ, మీరెంత పెట్టేరండీ ఆ షేర్లలో?" అన్నాడు పెద్దాయన, చాలా మర్యాదగా.

"నేను సలహా చెప్పేవాణ్ణండీ. కొనను."

"మరి లేఖల డబ్బు ఏం సేత్తారు?"

మాస్టారికి చెమటలు పట్టాయి. కందిరీగ ఒకటి చెవి దగ్గర తిరుగుతోంది. దాన్ని తోలుకుంటూ, ఆలోచించకుండా అనేశాడు, "స్థలాల మీద పెట్టానండీ. భూమి ఎక్కడికీ పోదు కదా."

నా హెడ్‌ఫోన్లలో మేనేజరు కేకలు. "కట్ చెయ్! సాంగ్ వెయ్యి! ఏదో ఒక సాంగ్ వెయ్యవయ్యా!" నా చెయ్యి ఫేడరు మీదే ఉంది. కిందికి లాగితే సినిమా పాట వస్తుంది, అందరూ ఇళ్ళకి పోతారు, సాయంత్రానికి మాస్టారు ఏదో ఒకటి సర్దుకుంటాడు. అప్పుడు చూశాను, స్తంభం దగ్గరి నుంచి మా అమ్మాయి తండ్రి జనాన్ని తోసుకుంటూ ముందుకు వస్తున్నాడు. నేను హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టేశాను.

ఆయన మాస్టారి వైపు తిరిగైనా చూడలేదు. నేరుగా కూతురి ముందుకు వచ్చి నిలబడ్డాడు. కింద ఉన్న దిమ్మలోంచి ముక్క విరిచి అరచేతిలో పెట్టుకుని చెయ్యి చాపాడు.

"ఆయన సంగతి వదిలేయమ్మా. ఆయనెవరో నాకు తెల్దు. నేనిన్నది నీ గొంతు. నువ్వు తింటావేటి?"

ఆమె చేతిలో మైకు ఉంది. రేడియోలో మాకు నిశ్శబ్దం అంటే ప్రాణం పోయినంత పని. గట్టిగా ఊపిరి తీసుకునేంత సేపు ఏమీ వినిపించకపోయినా జనం స్టేషన్ మార్చేస్తారు. ఆ రోజు ఎంతసేపు నిశ్శబ్దంగా ఉందో నాకు తెలియదు. షేరాటోల్లో, కంపెనీ బస్సుల్లో, గానుగ పాకల్లో, ఎవరూ మార్చలేదని తరువాత విన్నాను. చెప్పమ్మా, చెప్పు తల్లీ అని లోపల్లోపల కొట్టుకుపోతున్నాను.

"తినను నాన్నా," అంది. "నేను సెప్పిందంతా ఆయన రాసిచ్చిందే. నాకేం తెలీదు. పొలం అమ్మకు నాన్నా."

లైవ్‌లో నాన్నా అనేసింది. ఆయన ముక్కని జాగ్రత్తగా దిమ్మ మీద పెట్టేసి, తువ్వాలుతో చెయ్యి తుడుచుకుని, "సరేనమ్మా" అన్నాడు. హోటల్ ఉన్న గేటు వైపు కాకుండా రెండో గేటు వైపు నడుచుకుంటూ కశింకోట ఆటో ఎక్కేశాడు. నేను కళ్ళు తుడుచుకుని అప్పుడు వేశాను పాట. ఏ పాటో గుర్తు లేదు.

తరువాత ఏమైందంటారా? సన్మానం చేశారనుకుంటున్నారా! మేనేజరు నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. మాస్టారు స్లాటు మానేశాడు, జీతాలు ఆలస్యమయ్యాయి, మా సేల్స్ కుర్రాళ్ళు నాతో టీ తాగడం మానేశారు. వాళ్ళ తప్పేం లేదు, వాళ్ళకీ ఇంటద్దెలున్నాయి. మాస్టారి గురించి మాత్రం మీరు బెంగ పెట్టుకోకండి. ఇప్పుడు ఫోన్లో ఛానెల్ పెట్టుకుని దివ్యంగా ఉన్నాడు. లేఖ ధర పెంచాడట కూడా. బెల్లం యార్డుల దగ్గరికి మాత్రం వెళ్ళడట.

మా అమ్మాయిని పొద్దుటి ప్రోగ్రాం నుంచి తీసేసి మధ్యాహ్నం వాతావరణం చదవమన్నారు. ఎవరూ వినని ముక్క అది, శిక్ష కింద ఇచ్చారు. అది తెలిసి వాళ్ళ నాన్న స్టేషన్‌కి వచ్చాడు. మెట్లెక్కి ఆయాసపడుతూ మేనేజరు ముందు నిలబడి, "మా పిల్ల సేసిన తప్పేటండి? మీరడిగితే ఒకటి సెప్పింది, నేనడిగితే ఒకటి సెప్పింది. నాకు సెప్పింది నిజం. అంతే కదా తేడా?" అన్నాడు. మేనేజరు తల వంచుకుని కాగితాలు సర్దుకున్నాడు. ఆ రోజు ఆయన మీద నాకు కోపం పోయి జాలి వేసింది.

ఆమె ఆ వాతావరణాన్నే పట్టుకుంది చూడండి! వచ్చిన కాగితం చదివి ఊరుకోలేదు. ఊళ్ళకి ఫోన్లు చేసేది, కొండకర్ల వైపు మబ్బు ఎలా పట్టిందో అడిగేది. మైకులో "ఇది వాతావరణ కేంద్రం వాళ్ళు చెప్పింది, ఇది నా అంచనా, రేపటి సంగతి మాత్రం నాకు తెలియదండీ" అనేది. రేడియోలో నాకు తెలియదు అనడం! నా సర్వీసులో అంతకుముందు ఎప్పుడూ వినలేదు. మేనేజరు జుట్టు పీక్కున్నాడు. కానీ ఆ ముక్కకి ఫోన్లు రావడం మొదలైంది.

నేను రిటైరయ్యే ఏడు ఒక మధ్యాహ్నం పని మీద కశింకోట వెళ్ళి, అలాగే వాళ్ళ పొలానికి వెళ్ళాను. ఎండ మాడ్చేస్తోంది. ఆకాశంలో మబ్బు తునక లేదు. ఆయన ఒక్కడే, పొయ్యిలోకి ఆరబెట్టిన చెరకు పిప్పి మీద ఇంత పెద్ద టార్పాలిన్ లాగుతూ, ఒగురుస్తూ కనిపించాడు.

"ఇంత ఎండలో ఇదేటి బావా?" అన్నాను.

"సాయంత్రం వాన తప్పదంట."

"ఎవరన్నారు?"

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. రేడియోవాడివి, ఇది కూడా తెలియదా అన్నట్టు.

"మా అమ్మాయి సెప్పింది," అన్నాడు. "నిలబడిపోయేవేటి బావా, ఆ సివర పట్టుకో."

నేను ఎండలో చొక్కా చేతులు పైకి మడిచి, రెండో చివర పట్టుకుని లాగాను.